కారు టచ్‌స్క్రీన్: ముసురు పట్టిన కాలవ గట్టు మీద ఎంతవరకు పనికొస్తుంది?

షోరూంలో ముందుగా చూపించేది స్క్రీనే. మ్యాపు, పాటలు, ఫోను, రివర్స్ కెమెరా, వీటికి పెద్ద స్క్రీన్ బాగుంటుంది, అందులో పేచీ లేదు. ఏసీ, బ్లోయర్, గాలి ఎటు కొట్టాలో మార్చే స్విచ్, అద్దం మీద ఆవిరి తీసే బటన్ (డీఫాగర్), వీటిని కూడా ఆ గాజు పలకలోకే నెట్టేశారు. పేచీ అక్కడ. కోనసీమ, భీమవరం రోడ్ల మీద అన్ని కాలాల్లోనూ ఇలాంటి కారు నడిపాక చెబుతున్నాను: ఇక్కడి వాతావరణానికి ఆ పద్ధతి సరిపోదు.

మన గాలిలో తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజుల్లో ముందు అద్దానికి ఆవిరి రెండు రకాలుగా పడుతుంది. తడి బట్టలతో, గొడుగులతో నలుగురు ఎక్కితే లోపలి వైపు పడుతుంది. ఏసీ టెంపరేచర్ బాగా తగ్గించి నడుపుతుంటే, చల్లబడ్డ అద్దానికి బయటి తేమగాలి తగిలి బయటి వైపు పడుతుంది. రెంటికీ మందు వేరు. లోపలిదైతే ఏసీ వేసి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ తీసేసి, గాలిని అద్దం మీదికి మళ్లించి బ్లోయర్ పెంచాలి. బయటిదైతే వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీంచి తప్పించి, టెంపరేచర్ రెండు మూడు డిగ్రీలు పెంచాలి. బయటి ఆవిరికి కంగారుపడి చల్లగాలినే అద్దానికి కొడితే ఇంకా మసకబారుతుంది. ఏ వైపుదో తెలియకపోతే వైపర్ ఒక్కసారి తిప్పి చూడండి. పోతే బయటిది, పోకపోతే లోపలిది.

గుండ్రటి నాబ్‌లున్న కారులో ఇదంతా రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అయిపోతుంది. నాబ్ ఎక్కడుందో చేతికి తెలుసు, ఎన్ని టిక్కులు తిరిగిందో వేలికి తెలుసు. స్క్రీన్‌లో అయితే మ్యాపులోంచి బయటికి రావాలి, ఏసీ గుర్తు వెతకాలి, గాలి బొమ్మ నొక్కాలి, బ్లోయర్ గీత జరపాలి. ఫోను మ్యాపు స్క్రీనంతా ఆక్రమించుకుని ఉంటే, కారు మెనూకి రావడానికి మరో నొక్కు. నొక్కు నొక్కుకీ ఒక చూపు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 28 మీటర్లు చూడకుండా నడిపినట్టే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, ఎదురుగా కొబ్బరికాయల లారీ. దాళ్వా కోతలప్పుడైతే సగం రోడ్డు ధాన్యం ఆరబోతే.

2022లో స్వీడన్ మోటారు పత్రిక వీ బిలాగరే దీన్ని కొలిచి చూపించింది. ఖాళీ రన్‌వే మీద 110 కిలోమీటర్ల వేగంలో, రేడియో మార్చడం, ఏసీ సర్దడం లాంటి నాలుగు పనులు చేయించారు. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో అవన్నీ 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయాయి. చివర నిలిచిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు పట్టింది, ఆలోగా కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. డ్రైవర్లు కారుకు అలవాటుపడ్డాకే ఈ పరీక్ష పెట్టారు, అంటే కొత్తవల్ల వచ్చిన తడబాటు కాదు.

గతుకుల్లో ఇది మరీ కష్టం. చెయ్యి గాల్లో ఉంటుంది, చక్రం గుంతలో పడగానే వేలు పక్క బొమ్మ మీద పడుతుంది. బొటనవేలు స్క్రీన్ అంచు కింద ఆనించి చూపుడు వేలితో నొక్కితే కొంత కుదురుతుంది. నొక్కినట్టు తెలియజేసే కదలిక లేదు కాబట్టి, పడిందో లేదో మళ్లీ చూడక తప్పదు.

తడి సంగతి. ఈ స్క్రీన్లు వేలి ఒత్తిడిని పట్టవు, వేలు తగిలినప్పుడు గాజు కింది పొరలో కెపాసిటెన్స్ (విద్యుత్‌ని నిలవ ఉంచుకునే గుణం) మారడాన్ని పడతాయి. నీళ్లూ ఆ మార్పు తెస్తాయి. చెరువు గట్టు దిగి తడి చేత్తోనే కారెక్కితే, లేదా మే నెల చెమట చేత్తో ముట్టుకుంటే, నొక్కింది ఒకటి, పట్టింది ఇంకొకటి అవుతుంది. టచ్‌స్క్రీన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ: వాన చుక్కలు నేరుగా స్క్రీన్ మీదే పడతాయి, మందపాటి గ్లౌజు వేసుకుంటే వేలు తగిలినట్టే తెలియదు. మోడ్ మార్చే స్విచ్ హ్యాండిల్ మీద ఉన్న స్కూటరే తీసుకోండి.

వాయిస్ కమాండ్ ఉంది కదా అంటారు. జోరు వానకు టాపు మీద మోత, దానికి తోడు ఫుల్ బ్లోయర్. అవసరమైన ఆ క్షణంలోనే దానికి మాట వినపడదు.

మరమ్మతు దగ్గర ఇంకో చిక్కు. నాబ్ పాడైతే నాబే పోతుంది, మిగతావి పనిచేస్తాయి. స్క్రీన్ పోతే దానిలో ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి. 2021లో టెస్లా అమెరికాలో దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది ఇందుకే: లోపలి 8 జీబీ మెమరీ చిప్ డేటా రాసీ రాసీ అరిగిపోయి, రివర్స్ కెమెరాతో పాటు అద్దం ఆవిరి తీసే అదుపూ పోయేది. ఎండలో నిలిపిన కారులో వేడికి ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది. కారెక్కగానే కిటికీలు దించి వేడిగాలి పోనివ్వండి.

నరసాపురం–సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీద ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తాం కదా, స్క్రీన్ మేలుకోకముందే రివర్స్ వేస్తే కొన్ని కార్లలో కెమెరా బొమ్మ వెంటనే రాదు. మెడ తిప్పి చూసే వెనక్కి తీయాలి.

ఇప్పటికే ఇలాంటి కారున్నవాళ్లు బయల్దేరే ముందే ఏసీని ఆటో మోడ్‌లో పెట్టుకోండి. షార్ట్‌కట్ బటన్ ఉంటే దానికి డీఫాగర్‌ని కేటాయించండి. దీపాల్లేని గట్టు రోడ్ల మీద రాత్రిపూట బ్రైట్‌నెస్ అట్టడుక్కి దించండి, లేదా స్క్రీన్ ఆఫ్ చేసేయండి. ఆ వెలుగుకి కళ్లు చీకటిని పట్టవు. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, కాస్త నీళ్లు చాలు. గ్లాస్ క్లీనర్ నేరుగా కొట్టొద్దు, పైపూత పోతుంది.

కొనబోయేవాళ్లకి: కార్ల భద్రతకు మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్, హారన్, వైపర్, ఎస్‌ఓఎస్ (ఆపదలో సాయం పిలిచే బటన్)లకు విడి స్విచ్‌లు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. ఆ జాబితాలో డీఫాగర్ లేదు, మనకి మాత్రం అదే ముఖ్యం. షోరూంలో కారు ఆన్ చేయించి, ఎదుట అద్దం వైపే చూస్తూ బ్లోయర్ పెంచండి, గాలిని అద్దం మీదికి తిప్పండి, టెంపరేచర్ మార్చండి. చూపు దించాల్సి వస్తే అదే మోడల్లో కింది వేరియంట్ అడగండి. చాలా మోడళ్లలో మాన్యువల్ ఏసీ నాబ్‌లు ఇంకా అక్కడే ఉంటున్నాయి.