క్వేకర్ హైస్కూల్: సెప్టెంబర్ నుంచి థాంక్స్‌గివింగ్ దాకా ఎలా ఉంటుందంటే

అక్టోబర్ వచ్చిందంటే ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ప్రైవేటు బళ్ళు చూడ్డానికి మనల్ని పిలిచే ఓపెన్ హౌస్‌లు మొదలవుతాయి. వాటితోపాటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. "మీ పిల్లలు వెళ్ళే ఆ క్వేకర్ బడి ఎలా ఉంటుందండీ? అంత డబ్బు పెట్టొచ్చా?" అని ఎక్స్‌టన్ నుంచో కాలేజ్‌విల్ నుంచో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మా పెద్దమ్మాయి తొమ్మిది నుంచి పన్నెండు దాకా అక్కడే చదివి కాలేజీకి వెళ్ళిపోయింది. చిన్నోడు ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. ఫోన్లో అరగంట మాట్లాడినా సగమే చెప్పగలుగుతున్నాను, అందుకని ఇక్కడ రాస్తున్నా. బడి పేరు మాత్రం రాయను, తిట్టేవి కూడా ఉన్నాయి మరి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ బళ్ళు డబ్బు ఎలాగూ తీసుకుంటాయి, దాంతోపాటు మన టైమ్ కూడా అడుగుతాయి. అడ్మిషన్ల వాళ్ళు ఇచ్చే రంగుల పుస్తకంలో ఆ ముక్క ఉండదు. ఫాల్‌లో, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, తెలుస్తుంది. ఆ మూడు నెలలు మీకు పడితే మిగతా ఏడాదికి ఢోకా లేదు.

తెలియనివాళ్ళకి క్వేకర్ల గురించి రెండు ముక్కలు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ మొదలుపెట్టిన క్రైస్తవ శాఖ ఇది, అసలు పేరు రిలీజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్. పెన్సిల్వేనియాని స్థాపించిన విలియం పెన్ వీళ్ళవాడే. అందుకే ఈ చుట్టుపక్కల వీళ్ళ బళ్ళు ఇన్ని: పెన్ చార్టర్ 1689లో, ఆబింగ్టన్ ఫ్రెండ్స్ 1697లో, వెస్ట్‌టౌన్ 1799లో, జార్జ్ స్కూల్ 1893లో పెట్టారు. క్వేకర్ ఓట్స్ డబ్బాకీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు. మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ నమ్మకం కుదరలేదు, ఇండియా వెళ్ళినప్పుడల్లా "ఓట్స్ కంపెనీ వాళ్ళ బళ్ళో ఫీజు తగ్గిస్తారేమో అడగవే" అంటారు. మతం మారమని ఎవరూ అనరు. పిల్లల్లో క్వేకర్ కుటుంబాల వాళ్ళు కొద్దిమందే.

సెప్టెంబర్‌లో మొదటిది బ్యాక్ టు స్కూల్ నైట్. మన పిల్లల టైమ్‌టేబుల్ చేతికిచ్చి, పది నిమిషాలకో క్లాసు చొప్పున మనల్ని గదుల వెంట తిప్పుతారు. మిగతా బళ్ళలోనూ ఇదే తంతు. తేడా ఎక్కడంటే, మొదలుపెట్టే ముందు రెండు మూడు నిమిషాలు అందరూ నోరు మూసుకుని కూర్చుంటారు. ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో పడి పరిగెత్తుకొచ్చిన తల్లిదండ్రులు కదా, మొదటి నిమిషం నరకంలా ఉంటుంది, రెండో నిమిషానికి ఊపిరి కుదుటపడుతుంది. రెండో తేడా, పిల్లలు టీచర్లని పేరు పెట్టి పిలుస్తారు. మిస్టర్ లేదు, మిసెస్ లేదు. దీని వెనక చాలా పాత పట్టుదల ఉంది. తొలితరం క్వేకర్లు జమీందార్లకీ జడ్జీలకీ కూడా టోపీ తీసేవారు కాదు, బిరుదులు వాడేవారు కాదు, దానికోసం జైళ్ళకి కూడా వెళ్ళారు. మా నాన్నగారు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఒక ఏడాది తాతయ్యల, అమ్మమ్మల రోజుకి ఆయన్ని తీసుకెళ్తే, మనవడు లెక్కల టీచర్ని పేరు పెట్టి పిలవడం విని ఆయన మొహం మాడిపోయింది. ఆ టీచర్ వచ్చి చెయ్యి కలిపి తన పేరు చెప్పుకున్నారు. నాన్నగారు మాత్రం సాయంత్రం దాకా ఆయన్ని "మాస్టర్ గారూ" అనే పిలిచారు, ఆ టీచరేమో అందుకు ఎంతో సంబరపడ్డారు.

ఇక న్యూస్ లెటర్. వారానికొకటి వస్తుంది, దాని మీద నాకు పెద్ద కోపమే ఉంది. పైన ప్రిన్సిపాల్ రాసిన మంచి వ్యాసం ఉంటుంది, చదవబుద్ధేస్తుంది కూడా. దాని కింద సాకర్ స్కోర్లు, ఫాల్ నాటకం టికెట్లు, ఆపిల్ తోట ట్రిప్, పాతబట్టల సేకరణ, మధ్యలో ఎక్కడో ఒక్క వరుసలో "పీఎస్‌ఏటీకి పేరివ్వడానికి రేపే ఆఖరు" అని. పీఎస్‌ఏటీ అంటే కాలేజీ ప్రవేశ పరీక్షకి ముందు రాసే సన్నాహక పరీక్ష. మార్కులకి ఒక యాప్, ఆటలకి ఇంకోటి, డాక్టర్ సంతకం పెట్టిన ఫారాలకి మూడోది. నిరాడంబరత మా మూలసూత్రం అని గోడ మీద రాసుకున్న బడికి ఇన్ని పాస్‌వర్డ్‌లు ఎందుకో అర్థం కాదు. మావారు ఆగస్టులోనే కూర్చుని తేదీలన్నీ ఇంటి క్యాలెండర్‌లోకి ఎక్కించేస్తారు, మీరూ అదే చెయ్యండి. న్యూస్ లెటర్ని తీరిగ్గా ఆదివారం కాఫీతో చదువుకోవచ్చు.

అసలు విషయానికి వస్తే, మీటింగ్ ఫర్ వర్షిప్, అంటే క్వేకర్ల మౌన ప్రార్థన. వారానికొకసారి బడి మొత్తం మీటింగ్ హౌస్‌లో కూర్చుంటుంది. ఫాల్‌లో ఒకటి రెండు సార్లు కుటుంబాల్ని కూడా పిలుస్తారు. మీరు ఒక్కదానికే వెళ్ళగలిగితే దీనికే వెళ్ళండి. లోపల శిలువ ఉండదు, బొమ్మలుండవు, రంగుటద్దాలుండవు, పాస్టరూ ఉండడు. ఎదురెదురుగా చెక్క బెంచీలు, అంతే. అందరూ కూర్చుంటారు, ఎవరూ ఏమీ చెయ్యరు. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెప్పి కూర్చుంటారు. దానికి ఎవరూ జవాబివ్వరు, చప్పట్లు కొట్టరు. మళ్ళీ మౌనం. చివర్లో పక్కవాళ్ళతో చేతులు కలిపితే అయిపోయినట్టు. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీలో పిల్లలు పొద్దు గుంకేటప్పుడు అస్తాచల్ అని మౌనంగా కూర్చుంటారు కదా, అది చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ ఎవరైనా లేవచ్చు, అందులోనే ఉంది గమ్మత్తంతా. ఒక నవంబర్‌లో నైన్త్ గ్రేడ్ పిల్ల ఒకతె లేచి, తన కుక్క చచ్చిపోయిందనీ, ఇంట్లో ఎవరూ దాని గిన్నె తియ్యడం లేదనీ చెప్పి కూర్చుంది. తర్వాత చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ట్వెల్త్ కుర్రాడొకడు లేచి వాళ్ళ తాత గురించి నాలుగు మాటలు చెప్పాడు.

అన్నీ అలా ఉంటాయనుకోకండి. ఒకరి వెనక ఒకరు లేచి ఎడతెగకుండా మాట్లాడేస్తే దాన్ని పాప్‌కార్న్ మీటింగ్ అని వెక్కిరిస్తారు పిల్లలే. నిద్రపోయేవాళ్ళూ ఉంటారు. మావాడు మొదటి ఏడాది చేసింది ఆ పనే. ఇప్పుడు అడిగితే, "వారంలో ఫోన్ గుర్తురాని టైమ్ అదొక్కటే" అంటాడు. పదహారేళ్ళవాడి నోటినుంచి అంతకంటే పొగడ్త రాదు.

మీటింగ్ పద్ధతే కమిటీల్లోనూ పాటిస్తారు, అక్కడ నా ఓపిక నశిస్తుంది. ఓటింగ్ ఉండదు. క్లర్క్ అని ఒకరు నడిపిస్తారు, అందరి మాటా విని, సభ మనసు ఇటుందని తోచినప్పుడు దాన్ని మాటల్లో పెడతారు. ఒప్పుకోనివాళ్ళు అడ్డుపడకుండా పక్కకి తప్పుకోవచ్చు, లేదంటే ఆగమనవచ్చు. ఆగమంటే ఆగుతారు, నిజంగానే. దీపావళి నాడు పరీక్షలు పెట్టొద్దని మేం కొందరం అడిగాం. వద్దని ఒక్కరూ అనలేదు. అయినా ఆ ఫాల్ మొత్తం వినడానికే సరిపోయింది: యూదు కుటుంబాలు తమ పండగల సంగతి చెప్పాయి, ముస్లిం కుటుంబాలు ఈద్ సంగతి చెప్పాయి, లెక్కల టీచరు సిలబస్ గోడు చెప్పుకున్నారు. నిర్ణయం ఆ ఏటి దీపావళికి అందలేదు. తర్వాతి ఏడాదికి వచ్చిన నియమం మాత్రం మేం అడిగినదానికంటే బాగుంది, అన్ని మతాల పెద్ద పండగలకీ వర్తించింది, దాని మీద ఇంతవరకూ ఒక్క గొడవా రాలేదు. ఎన్నికలంటే ప్యానెళ్ళు కట్టి కొట్టుకునే మన సంఘాల వాళ్ళని తీసుకొచ్చి ఒక్కసారి అక్కడ కూర్చోబెట్టాలనిపిస్తుంది. 2024లో పెన్సిల్వేనియా ప్రభుత్వం దీపావళిని రాష్ట్ర పండగగా గుర్తించింది కానీ, బళ్ళు మూయాలన్న రూలేమీ లేదు. శనివారం బతుకమ్మా, పాత విద్యార్థులు బడికొచ్చే హోమ్‌కమింగ్ ఆటల పండగా ఒకేరోజు పడితే మీ తిప్పలు మీరు పడాల్సిందే.

హోమ్‌కమింగ్, ఆటల గురించి ఎక్కువ చెప్పను. శాంతి సూత్రం చెప్పే బళ్ళు ఫుట్‌బాల్‌లో ఎదుటి జట్టుని కుమ్మడం వింతగానే ఉంటుంది. పెన్ చార్టర్, జర్మన్‌టౌన్ అకాడమీ జట్ల పోటీ అయితే 1880ల నుంచీ నడుస్తోంది. ఆపిల్ సైడర్ బాగుంటుంది. దుప్పటి తీసుకెళ్ళండి.

చరిత్ర చెప్పే తీరు మాత్రం నాకు బాగా నచ్చింది. నల్లజాతి హక్కుల ఉద్యమ నాయకుడు బేయార్డ్ రస్టిన్ పుట్టింది మాకు దగ్గర్లో వెస్ట్ చెస్టర్‌లోనే, 1912లో. క్వేకర్ భావాలున్న అమ్మమ్మ పెంచింది ఆయన్ని. 1948లో ఇండియా వెళ్ళి గాంధీ అనుచరుల దగ్గర నేర్చుకుని వచ్చాడు, 1963లో వాషింగ్టన్ మహా ప్రదర్శనని నడిపించాడు. మా పెద్దమ్మాయి ఆయన మీద ప్రాజెక్టు చేసేదాకా ఉప్పు సత్యాగ్రహాన్ని తాతయ్య చెప్పే పాత కథ అనుకునేది. సొంతవాళ్ళ తప్పుల్నీ దాచరు. 1688లో జర్మన్‌టౌన్ క్వేకర్లు కొందరు బానిసత్వాన్ని ఖండిస్తూ కాగితం రాసిన సంగతి చెప్తారు, విలియం పెన్ దగ్గరే బానిసలుండేవారనీ చెప్తారు. సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చుకోవడానికి 1776 దాకా పట్టింది. వీళ్ళ కమిటీల వేగం గురించి నేను వేసే జోకు ఈ తేదీల దగ్గర నాకే నవ్వు తెప్పించదు.

నవంబర్‌లో టీచర్లతో తల్లిదండ్రుల కాన్ఫరెన్సులు. ర్యాంకు చెప్పరు, అసలు లేదు. గ్రేడుతోపాటు ప్రతి టీచరూ రెండు మూడు పేరాలు రాసిస్తారు. పెద్దమ్మాయి గురించి ఒకసారి హిస్టరీ టీచర్ రాసింది నాకు కంఠతా వచ్చు: మంచి ప్రశ్న అడుగుతుంది, జవాబు మొదలవగానే వినడం మానేసి తర్వాతి ప్రశ్న వెతుక్కుంటుంది అని. ఇంట్లో నేను పదేళ్ళుగా చూస్తూ పేరు పెట్టలేకపోయిన సంగతి అది. అలాంటి వాక్యం ఒక్కటి దొరికినా ఆ సాయంత్రం వృథా కాదు. కానీ క్లాసులో పిల్ల ఎక్కడుందో తెలియాలనుకునేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. లెక్కలు కూడా మెల్లగా నడుస్తాయి. మేం రెండేళ్ళు బయట క్లాసుకి పంపాం, దాచుకోవాల్సిన పనేమీ లేదు, మనవాళ్ళలో చాలామంది పంపుతున్నారు. ట్వెల్త్‌లో నవంబర్ 1 నాటికి మొదటి విడత కాలేజీ అప్లికేషన్లు పడాలి. ఆ టైమ్‌లో కౌన్సెలర్ మా అమ్మాయితో కూర్చుని ఓపిగ్గా మాట్లాడారు. వేలమంది పిల్లలుండే పబ్లిక్ హైస్కూల్లో అంత తీరిక దొరకదు.

డబ్బు మాటకొస్తే, ఈ చుట్టుపక్కల క్వేకర్ హైస్కూళ్ళలో రోజూ ఇంటినుంచి వెళ్ళే పిల్లలకే ఏడాది ఫీజు చాలాచోట్ల 40 వేల డాలర్లు దాటింది. అదికాక అక్టోబర్‌లో విరాళం అడుగుతూ ఉత్తరం వస్తుంది, సుతిమెత్తగా. నిరాడంబరత గురించి మాట్లాడే బడి పార్కింగ్‌లో కార్లు చూస్తే నవ్వొస్తుంది. సాయం పొందే కుటుంబాలు తక్కువేం కాదు, మేమూ కొన్నేళ్ళు పొందాం. అడగడానికి మొహమాటపడకండి.

ఈ నెల ఓపెన్ హౌస్‌కి వెళ్ళేవాళ్ళు ఆదివారం టూర్‌తో సరిపెట్టుకోవద్దు. మీటింగ్ ఉన్న రోజున వస్తామని అడ్మిషన్ల ఆఫీసుకి రాయండి, మామూలుగా రానిస్తారు. టూర్ తిప్పే పిల్లని కాలేజీ లిస్టు అడగకుండా, పోయిన వారం మీటింగ్‌లో ఎవరు లేచారో అడగండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఫారాలకి ట్యాక్స్ రిటర్న్ కావాలి, ఆఖరు తేదీ అడ్మిషన్ తేదీకంటే ముందే పడొచ్చు. ఆ తేదీని విడిగా కనుక్కుని రాసి పెట్టుకోండి.