మసాయి మారా దారిలో ఏది ఎక్కడ కొనాలి

కెన్యా సఫారీకి వెళ్లేవాళ్లకు నా సలహా ఇది: పూసల నగలు మసాయి మారా అభయారణ్యం దగ్గరే కొనండి, రాతిబొమ్మలు తిరుగు ప్రయాణంలో నైరోబీలో కొనండి, దారిలో బండి ఆపే దుకాణాల్లో మాత్రం టీ తాగి బయల్దేరండి.

నైరోబీ నుంచి మారా దారిలోని నారోక్ ఊరి వైపు వెళ్లే సఫారీ బళ్లు రిఫ్ట్ లోయ కనిపించే మలుపులో ఆగుతాయి. లోయ అద్భుతం, చూడాల్సిందే. ఆ తర్వాత మరుగుదొడ్డి కోసమంటూ ఇంకో పెద్ద దుకాణం దగ్గర ఆపుతారు. ధర చీటీలుండవు. లోపల అడుగుపెట్టగానే ఒకతను బుట్ట పట్టుకుని వెంటే తిరుగుతాడు. ఇలాంటి చోట్ల డ్రైవరుకు కమీషన్ ముట్టడం మామూలే, అదీ మన ధరలోనే కలుస్తుంది. మాకు జానెడు జిరాఫీ బొమ్మకు 4,500 షిల్లింగులు చెప్పి, మేం బండెక్కేసరికి 1,200కి దిగారు. ఎబొనీ అనే నల్లటి గట్టి కలప అన్నారు గానీ, తడి రుమాలుతో తుడిస్తే నలుపంతా రుమాలుకే అంటింది. అసలు ఎబొనీ చేతిలో బరువుగా ఉంటుంది, రంగు వదలదు.

మారాలో గేటు దగ్గరా, అక్కడి మసాయి తెగవాళ్ల పల్లెల్లోనూ ఆడవాళ్లే పూసలు గుచ్చుతూ కనిపిస్తారు. మేం కొన్న కంఠహారం అల్లినావిడ, దాని రంగుల గురించి గైడు ద్వారా ఓపిగ్గా చెప్పింది: ఎరుపు ధైర్యానికి, నీలం ఆకాశానికి, తెలుపు పాలకు. పూస చల్లగా, బరువుగా ఉంటే గాజు, తేలిగ్గా ఉంటే ప్లాస్టిక్. డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. గంటల తరబడి కూర్చుని చేసే పనికి మరీ గీచి బేరమాడటం నాకు మనసొప్పలేదు. లాడ్జి దుకాణంలో వస్తువులు బాగున్నాయి, కానీ ధరలు డాలర్లలో, బయటికంటే బాగా ఎక్కువ.

నైరోబీలో మసాయి మార్కెట్ వారంలో రోజుకో చోట పెడతారు. ఏ రోజు ఎక్కడో హోటల్లో అడిగి వెళ్లండి. అక్కడ దళారులు మన వెంటే నడుస్తూ, నచ్చినవన్నీ పోగుచేసి చివర్లో ఒకే మొత్తం చెబుతారు. అది ఒప్పుకోకుండా ఒక్కో వస్తువుకూ దుకాణదారుతోనే ధర మాట్లాడుకోవాలి. కిసీ ప్రాంతపు రాతిబొమ్మలకు ఇదే మంచి చోటు. మనకు పొణికి కర్రతో కొండపల్లి ఎలాగో, బలపం రాయితో వాళ్లకు కిసీలోని తబాకా ఊరు అలాగ. బరువు చూసుకోండి, చెక్ ఇన్ సంచిలో వేస్తే చెవులూ తోకలూ విరుగుతాయి.

సమయం ఒక్కచోటికే ఉంటే నైరోబీ శివారు కారెన్‌లోని కజురీకి వెళ్లండి. 1975లో సుసాన్ వుడ్ ఇద్దరు ఒంటరి తల్లులతో మొదలుపెట్టిన మట్టిపూసల కార్ఖానా ఇది. ఇప్పుడు వందలమంది మహిళలకు అదే జీవనాధారం. మట్టి ముద్ద ఉండలై, బట్టీలో కాలి, రంగు పూసుకుని మళ్లీ కాలడం దగ్గరుండి చూడొచ్చు. ధరలు స్థిరం, బేరం లేదు, తొందరపెట్టేవాళ్లు లేరు. మొత్తం ప్రయాణంలో నేను ప్రశాంతంగా కొన్నది ఇక్కడే. జిరాఫీ సెంటర్ కూడా ఆ దగ్గర్లోనే, రెండూ ఒకే పూటలో చూడొచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. దంతం, కొమ్ము, గోళ్లు, తాబేటి చిప్పలు ఎవరు ఎంత రహస్యంగా చూపినా ముట్టుకోవద్దు. వన్యప్రాణుల అవయవాల వ్యాపారాన్ని కెన్యా 1978లోనే నిషేధించింది, 2016లో నైరోబీ నేషనల్ పార్కులో 105 టన్నుల దంతాన్ని తగలబెట్టింది. ఎముకతో చేసిన నగలు కూడా చూపుకు దంతంలాగే ఉంటాయి, విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు. నేనైతే వాటి జోలికే పోలేదు.