మూడేళ్ళు వాడాక: ఆటోసేవ్‌ను నమ్మి పోగొట్టుకున్న పని

ఈ త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ టూల్స్ ఉన్నాయో, ఏ ఫార్మాట్లు తెరుస్తుందో నేను మళ్ళీ చెప్పను. గేమ్ మోడల్స్ చేసేవాళ్ళకు అవన్నీ తెలిసినవే. నేను రాస్తున్నది ఆటోసేవ్ గురించి, అంటే మనం నొక్కకుండానే ఫైల్‌ను అప్పుడప్పుడూ తనే సేవ్ చేసే సదుపాయం గురించి. మొదటి రెండేళ్ళూ అడిగినవాళ్ళందరికీ "కళ్ళు మూసుకుని తీసుకోండి, చేసిన పని ఎక్కడికీ పోదు" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట నా నోటితో అనలేను.

క్రాష్ అయితే కనీసం పోయిందని తెలుస్తుంది. ఎక్కడివరకు మిగిలిందో చూసుకుని అక్కణ్ణుంచి మొదలుపెడతాం. ఈ మూడేళ్ళలో అలాంటివి చాలా చూశాను, ప్రతిసారీ ఆటోసేవ్ ఆదుకుంది. ఆ నమ్మకం ఊరికే కలగలేదు. కానీ ఈసారి క్రాష్ కాలేదు. ఫైల్ చక్కగా సేవ్ అయింది.

పడవ నడిపే ముసలాయన పాత్ర అది. 6,200 వెర్టెక్సులు (ఆకారాన్ని కట్టే బిందువులు), 58 బోన్లు (దాన్ని కదిలించే ఎముకలు). తెడ్డు పట్టుకోవాలి కాబట్టి పనంతా చేతుల మీదే. బొటనవేలి మొదట్లో వెయిట్లు (ఏ వెర్టెక్స్ ఏ బోనుతో ఎంత కదలాలో చెప్పే అంకెలు) కుదరకపోతే పిడికిలి బిగించగానే అక్కడి కండ లోపలికి కుంగిపోతుంది, చెయ్యి గాలి తీసిన రబ్బరు తొడుగులా అయిపోతుంది. ఒక్కో వెర్టెక్స్‌నీ పట్టుకుని ఈ బోనుకు 0.6, ఆ బోనుకు 0.4 అని పంచడం, వేలు మడిచి చూడడం, మళ్ళీ సర్దడం. ఎడమ చెయ్యి ఒక్కటే 8 రోజులు పట్టింది. ఆఖరికి ఆ ముసలాయన తెడ్డు పట్టుకుంటే నిజంగా బలమంతా పెట్టి పట్టుకున్నట్టే ఉండేది.

ఎడమ చేతిని మెష్‌తో (వెర్టెక్సులు కలిసిన ఉపరితలంతో) సహా కుడివైపుకు మిర్రర్ చేశాను, అంటే అద్దంలో బొమ్మలా తిప్పి కాపీ చేశాను. మణికట్టు దగ్గర అతుకు కనిపించింది. అన్‌డూ నొక్కి వెనక్కొచ్చి, సరిచేసి, మళ్ళీ మిర్రర్ చేశాను. ఈసారి బాగా వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండు గంటలు గడ్డం మీదా, తలపాగా మీదా పనిచేసి, సేవ్ చేసి పడుకున్నాను.

మర్నాడు ఫైల్ తెరిచి వేలి బోను తిప్పితే బోను మాత్రమే తిరిగింది. వేలు కదల్లేదు. మోచెయ్యి తిప్పాను, మెడ తిప్పాను. ఏదీ కదల్లేదు. వెయిట్ల పట్టీ తెరిస్తే 58 పేర్లూ వరసగా ఉన్నాయి, ప్రతి పేరు ఎదురుగా సున్నా. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క హెచ్చరిక లేదు.

వెంటనే ఆటోసేవ్ ఫోల్డర్‌కు వెళ్ళాను. ఇది 10 నిమిషాలకు ఒకటి చొప్పున 5 కాపీలు ఉంచుతుంది. ఆరోది రాగానే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది. అంటే దాని దగ్గరుండేది ఆఖరి 50 నిమిషాల పని. మిర్రర్ తర్వాత నేను చేసింది రెండు గంటల పని. ఐదు కాపీలూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను. ఐదింటిలోనూ సున్నాలే. బాగున్న కాపీలన్నిటినీ చెడ్డ కాపీలు తోసేశాయి. నాకు కడుపు మండింది ఇక్కడే. ఆటోసేవ్ లేకపోయి ఉంటే నేనే పూటకో పేరుతో సేవ్ చేసుకునేవాణ్ణి. అది ఉందన్న ధీమాతోనే ఆ అలవాటు మానేశాను.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఒక మామూలు క్యూబ్ తీసుకున్నాను. 8 వెర్టెక్సులు, 2 బోన్లు. మిర్రర్ చేస్తే మెష్‌లో 16 వెర్టెక్సులు, వెయిట్ల పట్టీలోనూ 16 వెర్టెక్సుల లెక్కే. అన్‌డూ నొక్కితే మెష్ 8కి వచ్చింది, పట్టీ 16 దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ మిర్రర్ చేస్తే మెష్‌లో 16, పట్టీలో 24. తెర మీద మాత్రం అంతా సవ్యంగా కదులుతోంది. సేవ్ చేసి, మూసి, తెరిస్తే సున్నాలు. నాకు అర్థమైనంతలో, తెరిచేటప్పుడు రెండు లెక్కలూ కలవకపోయేసరికి వెయిట్లన్నీ పారేస్తోంది. ఎంత వెనక్కైనా వెళ్ళొచ్చని నేను తెగ మెచ్చుకున్న అన్‌డూయే ఈ పని చేసింది.

మిగిలినవి ఏరుకోవడం ఇంకో కథ. నా దగ్గర ఓబీజే అనే ఫార్మాట్‌లో తీసిన కాపీలు చాలా ఉన్నాయి, కానీ ఆ ఫార్మాట్‌లో బోన్లకూ వెయిట్లకూ చోటే లేదు. వెర్టెక్సులు, యూవీలు (బొమ్మను ఉపరితలం మీద పరిచే లెక్కలు), నార్మల్స్ (ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పేవి), ఫేసులు (ఉపరితలపు పలకలు), అంతవరకే. 9 రోజుల కిందట గేమ్ ఇంజిన్‌లో చూడడానికి తీసిన ఒక ఎఫ్‌బీఎక్స్ ఫైల్ (అది ఇంకో ఫార్మాట్) దొరికింది. అందులో వెయిట్లున్నాయి. అయితే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒక్కో వెర్టెక్స్‌కు 4 బోన్లకు మించకుండా కోసేసింది, ఫేసులన్నీ త్రికోణాలైపోయాయి. దాంట్లోంచి నా మెష్ మీదకు, దగ్గరగా ఉన్న ఉపరితలాన్ని బట్టి వెయిట్లు బదిలీ చేశాను. ఒళ్ళు, కాళ్ళు గంటలో వచ్చేశాయి. పెదాలు రాలేదు. మూసిన నోట్లో పై పెదవీ కింది పెదవీ ఆనుకునే ఉంటాయి కదా, ఏ పాయింట్ ఏ పెదవిదో దానికి తెలియలేదు. నోరు తెరిపిస్తే కింది పెదవి ముక్కలు పైదానికి అంటుకుని జిగురులా సాగాయి. వాటిని చేత్తోనే విడదీశాను.

ఎడమ చెయ్యి ఆ ఎఫ్‌బీఎక్స్ నాటికి ఇంకా మొదలే కాలేదు. అది మళ్ళీ చేశాను. రెండోసారి 4 రోజుల్లో అయింది. బాగానే ఉంది, చూసినవాళ్ళెవరూ తప్పు పట్టలేదు. కానీ బొటనవేలి దగ్గర మొదటిసారి వచ్చిన నిండుతనం నాకు మళ్ళీ దొరకలేదు. దానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

క్యూబ్ ఫైల్‌తో సహా బగ్ రిపోర్ట్ పంపాను. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు. అదే క్యూబ్‌తో చూశాను, నిజంగానే పోయింది. ఆటోసేవ్ కాపీల సంఖ్యను సెట్టింగుల్లో 20 వరకు పెంచుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. పెంచాను. అయినా అది 200 నిమిషాలకే సరిపోతుంది, నిన్నటి ఫైల్‌ను కాపాడదు. బ్లెండర్ అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేసినప్పుడల్లా ముందటి ఫైల్ డాట్ బ్లెండ్1 పేరుతో పక్కన మిగులుతుంది. అదీ మామూలుగా ఒక్క కాపీయే, చెడిన ఫైల్‌ను రెండుసార్లు సేవ్ చేస్తే అక్కడా అంతే. సేవ్ చేసిన ఫైల్‌ను ఒకసారి తిరిగి చదివి, మెమరీలో ఉన్నదానితో సరిపోల్చి, తేడా ఉంటే చెప్పాలి. నా సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళను నేను అడిగేది ఆ ఒక్కటే.

  

మానేస్తానా అంటే, ఇప్పుడే కాదు. చేతిలో ఉన్న పాత్రలన్నీ ఇందులోనే ఉన్నాయి, చందా ఇంకా నాలుగు నెలలుంది. పెట్టెలు, ఇళ్ళు, చెట్లు లాంటి కదలని మోడల్స్ చేసేవాళ్ళకు ఈ బాధే రాదు, వాళ్ళు నిశ్చింతగా తీసుకోవచ్చు. జట్టుగా పనిచేస్తూ రోజూ ఫైళ్ళను గిట్‌లోకో (పాత కాపీలన్నీ దాచి ఉంచే వ్యవస్థ) మరోచోటికో పంపే పద్ధతి ఉన్నవాళ్ళకూ పెద్ద నష్టం జరగదు. నాలాగా ఒక్కళ్ళే కూర్చుని రిగ్ చేసేవాళ్ళయితే (పాత్రలకు బోన్లు, వెయిట్లు అమర్చేవాళ్ళయితే) కొన్నాళ్ళు ఆగి చూడమంటాను. నేనైతే సాయంత్రం పని ఆపేముందు కొత్త నంబరుతో సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరుస్తున్నాను. ముసలాయన పిడికిలి ఒకసారి బిగించి చూసి, అప్పుడు లేస్తున్నాను.