క్రియాటినిన్ చెప్పని సంగతులు డాక్టరుకు చేరాలంటే ఏ ప్రశ్నపత్రం మేలు?

కిడ్నీ మార్పిడి జరిగినవారి ఇళ్ల నుంచి నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ వంటి రక్తపరీక్షలు సరే, మనిషి ఎలా ఉన్నాడో డాక్టరుకు తెలిసేదెలా? జీవన నాణ్యతను అడిగే ప్రశ్నపత్రాల్లో ఏది నింపితే ఉపయోగం? మా తమ్ముడికి కిడ్నీ మార్చి నాలుగేళ్లు. ప్రతి చెకప్‌కూ వాడి వెంట వెళ్లేది నేనే.

ఎస్‌ఎఫ్-36 అనే సాధారణ ఆరోగ్య ప్రశ్నపత్రం గురించి ఎక్కువ చెప్పను. 36 ప్రశ్నలు, ఎనిమిది అంశాలు. పరిశోధనలకు పనికొస్తుంది, కిక్కిరిసిన ఓపీలో దాని మార్కులు లెక్కకట్టే తీరిక ఎవరికీ ఉండదు. ఈక్యూ-5డి రెండు నిమిషాల పని. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు అడిగి, చివర 0 నుంచి 100 వరకు ఉన్న గీత మీద ఈరోజు ఆరోగ్యానికి గుర్తు పెట్టమంటుంది. గుర్తు 60 దగ్గర ఉంటే ఏదో బాగా లేదని తెలుస్తుంది, ఏది బాగా లేదో తెలియదు. కేడీక్యూఓఎల్-36 కిడ్నీ రోగుల కోసమే చేసినా, నీళ్లు కొలిచి తాగడం, డయాలసిస్ కోసం సూది గుచ్చేచోట ఇబ్బంది వంటివి అందులో ఉన్నాయి. ఆ దశ దాటినవారికి అవి అక్కరలేని ప్రశ్నలు.

నా మొగ్గు కేటీక్యూ వైపు. 1993లో వెలువడిన ఈ ప్రశ్నపత్రాన్ని కిడ్నీ మార్పిడి అయినవారి కోసమే తయారు చేశారు. 25 ప్రశ్నలు: శరీర బాధలు, అలసట, భయం, రూపం, మనసు. బాధల భాగంలో తనను ఎక్కువగా వేధిస్తున్నవేవో రోగే ఎంచుకుంటాడు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే ట్యాక్రోలిమస్ మందుతో చేతులు వణికేవారు అది రాస్తారు, నిద్రపట్టనివారు అది రాస్తారు. రూపాన్ని విడిగా అడగడం నాకు మరీ నచ్చింది. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బిన అమ్మాయి అద్దం చూసుకోవడం మానేసినా, ఆ మాట డాక్టరు గది లోపల తనంతట తాను ఎత్తదు.

కానీ ఏ కాగితమన్నది కాదు, అది ఎవరి చేతికి ఎప్పుడు చేరిందన్నదే అసలు సంగతి. కెనడాలోని ఆల్బర్టాలో ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోగులు డాక్టరును కలిసే ముందే కంప్యూటర్ తెర మీద హెచ్‌యూఐ అనే ప్రశ్నపత్రానికి జవాబులిచ్చారు. కొందరి జవాబులను మాత్రమే డాక్టర్లకు అందించారు. అలా అందిన చోట మాట్లాడుకున్న సమస్యల సంఖ్య పెరిగింది. నింపిన కాగితం ఫైలు అడుగుకు పోతే ఇదేదీ జరగదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. క్రియాటినిన్ 1.2, రిపోర్టు బాగానే ఉంది. "అంతా బాగుందా?" అంటే "బాగుందండి" అనేవాడు తమ్ముడు. ఒకసారి వరుసలో కూర్చున్నప్పుడు తెల్లకాగితం ఇచ్చి, నీ బాధలు మూడు రాయరా అన్నాను. చాలాసేపు ఆలోచించి మొదట "బస్సులో కడుపు" అని రాశాడు. డాక్టరు గారు రిపోర్టుల కంటే ముందు అదే చదివి, "ఉదయం మాత్ర ఎన్నిసార్లు మానేశావు?" అని అడిగారు. వాడు నా వైపు చూసి, తల దించుకుని, "ఆఫీసుకు వెళ్లే రోజుల్లో వేసుకోవడం లేదు" అన్నాడు. ఆ మాత్ర మైకోఫినోలేట్, అదీ కిడ్నీని కాపాడే మందే; దానితో విరేచనాలు మామూలేనట. చెప్పకుండా మానేస్తే శరీరం కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం ఉంది. పేగుల్లోకి వెళ్లాక కరిగే పూత ఉన్న రకానికి మార్చి, రెండు వారాల్లో మళ్లీ రమ్మన్నారు.

మీ ఆసుపత్రిలో కేటీక్యూ ఇస్తే అదే నింపండి. ఈక్యూ-5డి ఇస్తే, గీత మీద గుర్తు పక్కనే కారణం ఒక్క ముక్కలో రాయండి. ఏదీ ఇవ్వకపోతే తెల్లకాగితం చాలు. రిపోర్టుల మీద పెట్టండి, కింద వద్దు.