గాల్వెస్టన్‌లో గోడా, మెరకా, ఖాళీ చేయడమా: ఏది మేలు?

హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో కొందరు టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ దీవిలోనో, దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న బే (అఖాతం) ఒడ్డున ఉన్న కీమా, లీగ్ సిటీ వంటి ఊళ్లలోనో ఇల్లు కొనాలనుకున్నప్పుడు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. సీవాల్ అనే సముద్రపు గోడ వెనుక ఉన్న ఇల్లు క్షేమమేనా, లేక తుపాను వచ్చినప్పుడల్లా ఖాళీ చేసి వెళ్లే వీలుంటే ఎక్కడ కొన్నా ఒకటేనా అన్నది ఆ ప్రశ్న. గాల్వెస్టన్ గత 120 ఏళ్లకు పైగా గోడ, మెరక, తరలింపు అనే మార్గాలను తన మీదే ప్రయోగించి చూసుకున్న నగరం కనుక, జవాబు కోసం దాని చరిత్రను చూడడమే సరైన పద్ధతి. 1900 సెప్టెంబరు 8న వచ్చిన హరికేన్‌లో ఆ దీవి మీద కనీసం ఆరు వేల మంది, చాలామంది అంచనా ప్రకారం ఎనిమిది వేల మంది చనిపోయారన్నది అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది, ఆ విపత్తు తర్వాత నగరం చేసిన పనుల్లో ఏది నిజంగా పనికివచ్చింది, ఏది పేరును మాత్రమే మిగుల్చుకుంది అన్నది.

తూచే ముందు నా కొలమానం చెప్పాలి. తుపానులో ప్రాణాలను ఎక్కువగా తీసేది గాలి కాదు, ఉప్పెన. అందుచేత ఏ రక్షణనైనా రెండు ప్రశ్నలతో పరీక్షించాలని నా అభిప్రాయం. నీరు ఏ వైపు నుంచి వచ్చినా అది పనిచేస్తుందా? ఆ రోజు ఎవరూ ఏ హెచ్చరికా వినకపోయినా, ఏ మీటా నొక్కకపోయినా పనిచేస్తుందా?

ఊరినే వదిలి వెళ్లడం వీటిలో అన్నింటికంటే పాతది. గాల్వెస్టన్‌కు నైరుతి దిశలో, మాటగోర్డా బే ఒడ్డున ఇండియానోలా అనే రేవు పట్టణం ఉండేది. 1875లో వచ్చిన తుపాను దానిని దాదాపు తుడిచిపెట్టింది. మిగిలినవారు మళ్లీ కట్టుకున్నారు. 1886లో మరో తుపాను, దానితోపాటు చెలరేగిన అగ్నిప్రమాదం ఆ పట్టణాన్ని ముగించాయి. కౌంటీ కేంద్రం పోర్ట్ లవాకాకు వెళ్లిపోయింది. మన కోరంగి రేవు 1839 తుపాను తర్వాత కోలుకోలేకపోయిన తీరు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తగా అనిపించదు. ప్రాణరక్షణ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే దీనిని మించిన మార్గం లేదు. అయితే ఓడరేవు, రైలు మార్గాలు, వైద్య కళాశాల, ముప్పై ఏడు వేలకు పైగా జనాభా ఉన్న 1900 నాటి గాల్వెస్టన్‌కు అది ఆచరణసాధ్యం కాలేదు. ఇండియానోలా పోయిన 1886లోనే గాల్వెస్టన్ పెద్దలు గోడ కట్టాలని మాట్లాడుకున్నారు, ఆ మాట అక్కడే ఆగిపోయింది. 1891లో వాతావరణ శాఖ స్థానిక అధికారి ఐజాక్ క్లైన్ స్థానిక పత్రికలో రాసిన వ్యాసంలో, ఇక్కడికి ఘోరమైన తుపాను వస్తుందనే భయం అర్థం లేనిదని తేల్చేశారు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఉప్పెనలో ఆయన భార్యే చనిపోయింది.

ఇక గోడ. హెన్రీ మార్టిన్ రాబర్ట్, ఆల్ఫ్రెడ్ నోబుల్, హెచ్.సి. రిప్లీ అనే ముగ్గురు ఇంజనీర్ల సలహా మేరకు 1902 అక్టోబరులో పని మొదలై, మూడు మైళ్లకు పైగా ఉన్న మొదటి భాగం 1904 జులైలో పూర్తయింది. పదిహేడు అడుగుల ఎత్తు, అలను పైకి తిప్పి వెనక్కి నెట్టేలా వంపు తిరిగిన ముఖం, అడుగున కోత పడకుండా పేర్చిన గ్రానైటు బండలు దాని ప్రత్యేకతలు. 1963 నాటికి దాని పొడవు పది మైళ్లు దాటింది. 1915 ఆగస్టులో, 1900 నాటిదానితో పోల్చదగిన హరికేన్ మళ్లీ వచ్చినప్పుడు ఆ ప్రాంతమంతటా సుమారు 275 మంది చనిపోయారు కాని, నగరంలో మరణాలు వేలల నుంచి పదులలోకి దిగాయి. గోడకు దక్కవలసిన గౌరవాన్ని ఈ ఒక్క ఫలితమే ఇస్తుంది.

అయినా గోడకు రెండు లోపాలున్నాయి. అలల దెబ్బ గోడకు తగిలి కింది ఇసుకను తోడేస్తుంది కనుక దాని ముందున్న సహజమైన బీచ్ క్రమంగా కరిగిపోయింది. నేడు సందర్శకులు నడిచే ఇసుకలో చాలా భాగం బయటి నుంచి తెచ్చి పోసినదే. గోడ ఆగిపోయిన చోటి నుంచి పడమటి తీరమంతా నేటికీ బట్టబయలు. రెండవ లోపం ఇంకా పెద్దది. గోడ ఒక దిక్కుకే ముఖం పెట్టి నిలబడుతుంది, దీవికి మాత్రం నాలుగు దిక్కులా నీరే.

ఆ ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. అందుకే వారు గోడతోపాటు మరొక పని కూడా చేయాలని చెప్పారు. నా దృష్టిలో అసలైన పని అదే, అయినా దాన్ని గుర్తుంచుకునేవారు తక్కువ. 1900లో దీవిలో అత్యంత ఎత్తైన చోటు సముద్రమట్టానికి తొమ్మిది అడుగుల లోపే ఉండేది, నాటి ఉప్పెన పదిహేను అడుగులు దాటింది. కాబట్టి నగరాన్నే పైకి లేపాలని నిర్ణయించారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పల్లపు స్థలం కొన్నవారు ముందు మెరక తోలించి తర్వాత పునాది తీసినట్టే, ఇక్కడ సుమారు ఐదు వందల వీధి బ్లాకులకు మెరక తోలించారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఇళ్లు అప్పటికే కట్టి ఉన్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు.

నగరం మధ్య గుండా కాలువ తవ్వి, దాని దారిలో ఉన్న ఇళ్లను తాత్కాలికంగా పక్కకు జరిపి, ఓడల మార్గం నుంచి డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను నీటితో కలిపి ఆ కాలువ మీదుగా తెచ్చి, గొట్టాల ద్వారా ఇళ్ల కిందికి పంపారు. నీరు బయటికి పోయేది, ఇసుక నిలిచేది. అంతకుముందే రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో ఎత్తి పెట్టుకున్నారు. మూడు వేల టన్నుల సెయింట్ పాట్రిక్స్ చర్చిని ఏడు వందల జాకీల మీద ఐదడుగులు లేపారు. 1903 నుంచి 1911 వరకు సాగిన ఈ పనిలో నింపిన ఇసుక సుమారు కోటీ అరవై లక్షల ఘనపు గజాలు. ఇసుక మందం కొన్నిచోట్ల అంగుళాల్లో ఉంటే, మరికొన్ని చోట్ల పది అడుగులు దాటింది. గోడ దగ్గర ఎక్కువ ఎత్తు, అక్కడి నుంచి బే వైపు కొద్దికొద్దిగా వాలు ఉండేలా పోశారు. నీరు పల్లమెరుగు కనుక, గోడ దాటి లోపల పడిన నీరు తనంతట తానే బే వైపు దిగిపోవాలన్నది వారి ఆలోచన.

ఇందుకు ప్రజలు చెల్లించిన మూల్యాన్ని తక్కువ చేయకూడదు. ఇసుక ఖర్చు ప్రభుత్వం భరించింది కాని, ఎవరి ఇంటిని వారే సొంత ఖర్చుతో ఎత్తించుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి జనం నేల మీద కాకుండా ఎత్తైన చెక్క వంతెనల మీద నడిచారు. ఉప్పు ఇసుక కింద చెట్లు, తోటలు చచ్చిపోయాయి. 1900 నాటి శవాలను కళ్లారా చూసినవారు కాకపోతే ఏ నగర ప్రజలూ దీనికి అంగీకరించి ఉండేవారు కాదని నేను నమ్ముతాను.

ఈ రెండు రక్షణలకూ అసలు పరీక్ష 2008 సెప్టెంబరు 13న ఐక్ తుపాను పెట్టింది. గాలి లెక్కలో అది రెండవ కేటగిరీ మాత్రమే, ఉప్పెన లెక్కలో అంతకంటే చాలా పెద్దది. గోడ నిలబడింది. అయితే నగరాన్ని ముంచిన నీరు చాలావరకు గోడ మీదుగా కాక, వెనుక నుంచి, బే వైపు నుంచి వచ్చింది. దిగువన ఉన్న స్ట్రాండ్ వీధి పాత భవనాల్లో మనిషి ఎత్తు దాటి నీరు నిలిచింది. నగరంలో అధిక భాగం ఇళ్లు మునిగాయి. పొడిగా మిగిలినవి గోడకు దగ్గరగా, మెరక అత్యధికంగా ఉన్న వీధులు. పైపైన చూసినవారికి అది గోడ కాపాడిన స్థలం అనిపిస్తుంది కాని, నీరు వచ్చిన దిక్కున గోడే లేదు. ఆ ఇళ్లను కాపాడింది వాటి కింద శతాబ్దం క్రితం పోసిన ఇసుక. 1900 తర్వాత నాటిన ఓక్‌లతో సహా నలభై వేల వరకు చెట్లు ఆ ఉప్పునీటికి ఎండిపోయాయి. 2000లో యాభై ఏడు వేలు దాటి ఉన్న జనాభా 2010 లెక్కల్లో నలభై ఎనిమిది వేల లోపుకు పడిపోయింది.

ఖాళీ చేసి వెళ్లడం గురించి కూడా నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు కాపాడడంలో దీనికి గొప్ప చరిత్ర ఉంది. 1961లో కార్లా వచ్చినప్పుడు టెక్సస్, లూసియానా తీరాల నుంచి సుమారు ఐదు లక్షల మంది తరలిపోవడం వల్లే, అంత బలమైన తుపానుకు మరణాలు యాభై దాటలేదు. అయితే ఈ మార్గం పూర్తిగా సమాచారం మీద, రోడ్డు మీద ఆధారపడుతుంది. 1943 జులైలో వచ్చిన తుపాను సమయంలో యుద్ధం వల్ల ఓడల రేడియో సందేశాలు ఆగిపోయాయి, హెచ్చరికలకు సెన్సారు అడ్డుపడింది. జనానికి సంగతి తెలిసేసరికి గాలి మొదలైంది. 2005లో రీటా దీనికి పూర్తి విరుద్ధమైన లోపాన్ని చూపించింది. కత్రినా దృశ్యాలు చూసి మూడు వారాలే అయిన జనం పాతిక లక్షలకు పైగా ఒకేసారి బయలుదేరడంతో హైవేలు స్తంభించాయి. డాలస్ సమీపంలో వృద్ధులను తరలిస్తున్న బస్సు మంటల్లో చిక్కి 23 మంది చనిపోయారు. ఆ తరలింపులో పోయిన ప్రాణాలు మొత్తం వంద వరకు ఉంటాయి, తుపాను నేరుగా తీసుకున్నవి వాటితో పోలిస్తే చాలా తక్కువ. ఆ తర్వాత తరలింపును జోన్ల వారీగా చేస్తున్నారు, అది చాలా మెరుగు. దీవిలో ఉన్నవారికి అధికారులు వెళ్లమన్నప్పుడు వెళ్లడం తప్ప వేరే దారి లేదు, ఇందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు. అయితే తరలింపు మనిషిని కాపాడుతుంది, ఇంటిని కాపాడదు. ఇల్లు ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఐక్ తర్వాత టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం గాల్వెస్టన్ ఆచార్యుడు విలియం మెరెల్ ప్రతిపాదనతో మొదలై, 2022 చివర్లో అమెరికా కాంగ్రెస్ అనుమతి పొందిన భారీ గేట్ల పథకం గురించి కూడా అడుగుతుంటారు. గాల్వెస్టన్, దాని ఎదుట ఉన్న బొలివార్ ద్వీపకల్పం మధ్య ఉన్న బే ముఖద్వారాన్ని తుపాను సమయంలో మూసివేయడం దాని సారాంశం; అంచనా వ్యయం సుమారు 34 బిలియన్ డాలర్లు. దీవికి బే వైపు కూడా కట్ట కట్టడం అందులో భాగం, ఐక్ చూపిన లోపానికి సూటిగా జవాబిచ్చేది అదే. పూర్తయితే హ్యూస్టన్ రేవుకు, కీమా వంటి ఊళ్లకు అది ఇచ్చే రక్షణ మెరక ఇవ్వలేనిది. కట్టని గేటును నమ్మి ఈరోజు ఇల్లు కొనకూడదన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

స్తంభాల మీద కట్టిన ఇళ్లు మెరకకు చిన్నపాటి ప్రత్యామ్నాయం. ఐక్ తర్వాత బొలివార్ ద్వీపకల్పంలోని గిల్‌క్రిస్ట్‌లో సముద్రం వైపు ఒంటరిగా మిగిలిన ఇల్లు అలాంటిదే, కొట్టుకుపోయిన చుట్టుపక్కల ఇళ్లలోనూ చాలా వరకు స్తంభాల మీద కట్టినవే. వరద బీమా ఎలాగూ తీసుకోవాలి. మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని ఇవ్వదని, కొత్త వరద పాలసీ సాధారణంగా ముప్పై రోజుల తర్వాతే అమల్లోకి వస్తుందని తెలిస్తే చాలు.

కాబట్టి గాల్వెస్టన్‌లో ఇల్లు చూసేవారు సీవాల్ ఎంత దూరమో అడగడం కంటే, ఆ ఇంటి ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇంటి ఎత్తును కొలిచి ఇచ్చే పత్రం) అడగడం, అందులోని అంతస్తు ఎత్తును ఐక్ నీటి మట్టంతో సరిపోల్చుకోవడం మేలు. నగరం మధ్య గుండా సాగే ప్రధాన వీధి బ్రాడ్‌వేకు ఉత్తరాన, బే వైపు ఉన్న పాత ఇల్లు ఎంత అందంగా ఉన్నా, ఆ అంకె తక్కువగా ఉంటే నేను దానిని ఎవరికీ సిఫారసు చేయను.