పాత జిప్సీకి స్పీడుయినో: నాకు బాగా నచ్చింది లాగ్

కార్బరేటర్ జిప్సీ కింగ్‌కి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) మ్యానిఫోల్డ్ ఎక్కించి, ఇంజెక్టర్లనూ స్పార్క్‌నూ నడిపే స్పీడుయినో అనే కంప్యూటర్ బోర్డుతో, దాన్ని సెట్ చేసే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చాలాకాలంగా నడుపుతున్నాను. పికప్ పెరిగిందా, మైలేజీ ఎంత అని అందరూ అడుగుతారు. నేను మాత్రం ముందు డేటా లాగ్ గురించే, అంటే బండి నడుస్తుండగా సెన్సర్ల అంకెలన్నీ రాసిపెట్టే రికార్డు గురించే చెబుతాను.

ఒక వానాకాలం తర్వాత 3,000 ఆర్‌పీఎం దాటితే బండి మిస్సింగ్ కొట్టడం మొదలైంది, అదీ ఎత్తు ఎక్కేటప్పుడే. పెట్రోల్ అందట్లేదన్నాడు మెకానిక్. పంపు మార్చాం, ఫిల్టర్ మార్చాం, ప్లగ్గులు మార్చాం. ఏమీ తేడా లేదు. చివరికి లాగ్ ఆన్ చేసి అదే ఎత్తు ఎక్కించి, ఇంటికొచ్చి తెరిచాను. మిస్ అయిన ప్రతిచోటా ఆర్‌పీఎం గీత సున్నాకి పడి లేచింది. తిరుగుతున్న ఇంజన్ అంతలో ఆగి మళ్లీ తిరగదు కదా! కింద సింక్ లాస్ అంకె (బోర్డు క్రాంక్ లెక్క ఎన్నిసార్లు తప్పిందో చూపేది) కూడా సరిగ్గా ఆ చోట్లే పెరిగింది. పెట్రోల్ బాగానే ఉంది, క్రాంక్ ఎక్కడుందో బోర్డుకే తెలియట్లేదు. అందుకే ఇంజెక్టర్లనూ స్పార్క్‌నూ ఆపేస్తోంది.

క్రాంక్‌తో తిరిగే 36 పళ్ల చక్రంలో ఒక పన్ను లేని ఖాళీని బట్టి బోర్డు క్రాంక్ ఎక్కడుందో లెక్క కడుతుంది. మా బండిలో ఆ పళ్లని చూసే క్రాంక్ సెన్సర్ వైరు, స్పార్క్ పుట్టించే కాయిల్ వైరుతో కలిసి ఒకే గొట్టంలో ఉంది, పైగా నాయిస్‌ని ఆపే షీల్డు ఊడిపోయింది. కాయిల్ నుంచి వచ్చే నాయిస్‌ని బోర్డు ఇంకో పన్ను అనుకుంటోంది. లోడ్ పడితే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, నాయిస్ కూడా అప్పుడే ఎక్కువ. వైరుని వేరే దారిలో తిప్పి, షీల్డుని బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చేశాం. సింక్ లాస్ అంకె మళ్లీ కదల్లేదు. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ట్యూనర్‌స్టూడియోలోని ఆటోట్యూన్‌ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఎంత పెట్రోల్ వేయాలో చెప్పే 16×16 వీఈ టేబుల్‌ని, ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని చూసుకుంటూ తనే సరిదిద్దుతుంది. ఇప్పటికీ మంచిదే, డబ్బు కట్టి కొన్న వెర్షన్‌లోనే వస్తుందనుకోండి. కానీ అది వైడ్‌బ్యాండ్ ఏం చెబితే అదే నమ్ముతుంది. సెన్సర్‌కి ముందు ఎక్కడైనా ఎగ్జాస్ట్ లీకైతే బయటి గాలి చేరి లీన్ (పెట్రోల్ తక్కువ) అని చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్ పెట్రోల్ పెంచుకుంటూ పోతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టింగ్ సంగతి దానికి పట్టదు. అది చేత్తోనే సెట్ చేసుకోవాలి, ఒకసారి వేడెక్కాక మళ్లీ చూడాలంటే మర్నాటి దాకా ఆగాలి. ఇంకొకటి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) వచ్చాక, మామూలు పెట్రోల్‌కి సరిపోయే 14.7 గాలి-పెట్రోల్ నిష్పత్తిని పట్టుకోకుండా లాంబ్డాలో (ఆ ఇంధనానికి కావాల్సిన గాలితో పోల్చి చూపే అంకె) చూడటం సుఖం. ఇథనాల్ ఎంత కలిసినా సరైన మిశ్రమం 1.0 దగ్గరే ఉంటుంది.

నాకు రోజూ తిరగడానికి వేరే కారుంది, ఈ జిప్సీ ఎక్కువగా పొలం దారుల్లోనే తిరుగుతుంది. వైరింగ్ విప్పే ఓపికున్న మెకానిక్ కూడా దొరికాడు. ఇంట్లో ఉన్నది ఒక్క బండే అయితే మాత్రం నేను దీని జోలికి వెళ్లేవాణ్ని కాదేమో. రోడ్డు మీద తిప్పే బండికైతే ఇలాంటి మార్పు గురించి ముందే ఆర్టీఏలో కనుక్కోండి.