పొలంలో చిన్న ఇల్లు: ఆర్కిటెక్ట్‌తో డిజైన్ చేయించుకున్నాక నా అభిప్రాయం

పొలంలోనే ఉండటానికి 700 చదరపు అడుగుల ఇల్లు కావాలని ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసుకు పని అప్పజెప్పాం. ఇల్లు కట్టాక అందులో ఎండలూ వానలూ చూసి రాస్తున్నాను.

మొదటిసారి కూర్చున్నప్పుడు వాళ్లు ఒక్క బొమ్మ కూడా చూపించలేదు. పొద్దున్నే ఏ దారిన చేలోకి వెళ్తారు, బురద కాళ్లతో ఎటునుంచి లోపలికొస్తారు, పారలూ పురుగుమందు డబ్బాలూ ఎక్కడ పెడతారు అని అడిగారు. ప్లాను ఆ జవాబుల్లోంచే పుట్టింది. మా ఇంటికి పెరటి తలుపే అసలు తలుపు. దాని పక్కనే కుళాయి, కూర్చుని కాళ్లు కడుక్కునే గట్టు, పనిముట్ల గది. మందు డబ్బాలకు బయటినుంచి మాత్రమే తెరుచుకునే అర కట్టించారు. ఈ ఒక్కదానికే ఫీజు ఇవ్వొచ్చు.

పల్లె ఇల్లంటే చాలామంది పాత తలుపొకటి కొని గోడకు తగిలిస్తారు. వీళ్లు పాత ఇళ్లు పనిచేసే తీరు పట్టుకున్నారు. ఇల్లు వెడల్పు ఒకే గదంత, 14 అడుగులు. గదులన్నీ వరసగా ఉంటాయి, ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు, గాలికి అడ్డేమీ లేదు. పెంకుల కప్పు వాలు 30 డిగ్రీలు. కర్ర కలిసొస్తుంది, వాలు తగ్గిద్దామని మేస్త్రి అంటే వీళ్లు ఒప్పుకోలేదు. వాలు చాలకపోతే గాలివానకు నీళ్లు పెంకుల కిందికి ఎగదన్నుతాయి. ఇంటి రెండు చివర్లా కప్పు కింద వచ్చే ముక్కోణపు గోడల్లో పైన జాలీలు పెట్టారు, పైకి చేరిన వేడి అట్నుంచి పోతుంది. పెంకుల కింద నీళ్లు దిగని పొర, గోడల్లో ముందే వేసిన వైరింగు గొట్టాలు మాత్రం పూర్తిగా ఈ కాలంవే.

గోడలకు సున్నం పూత. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ అది మెల్లగా గట్టిపడుతుంది, గోడలోని తడిని లోపలే బంధించదు. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య ఆగాలి, త్వరగా ఆరిపోకుండా తడి గోనెలు కప్పాలి. ఈ పని తెలిసినవాళ్లను వెతికే బాధ్యత మొత్తం మా మీదే పడింది. డ్రాయింగులో సున్నం పూత పెట్టినవాళ్లే ఆ పని చేసే మనిషినీ చూపించాల్సింది.

వసారా వెడల్పు 8 అడుగులు, మంచం వేసినా పక్కనుంచి నడవొచ్చు. మా అమ్మ పగలంతా అక్కడే.

నాకు కోపం తెప్పించింది వసారా కప్పు ఇంటి గోడను తాకే చోటు. గోడలోకి జొనిపి నీళ్లను మళ్లించే రేకు డ్రాయింగులోనే లేదు. మొదటి పెద్ద వానకే కారింది. ఫోన్ చేస్తే అది మేస్త్రి చూసుకోవాల్సిన పని అన్నారు. కానే కాదు, కాగితం మీద లేనిది మేస్త్రి ఊహించి కట్టడు. గోడ మళ్లీ చెక్కించి రేకు వేయించాం.

ఐదుకు నాలుగు ఇస్తాను. మీరు ఎవరితో చేయించుకున్నా కప్పూ గోడా కలిసే ప్రతిచోటికీ విడిగా డ్రాయింగు అడగండి. అది చేతికొచ్చాకే ఫీజు చివరి వాయిదా కట్టండి.